ఇంగ్లీషు సిలబుల్స్, అచ్చుల ఉచ్చారణ: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో సాయంత్రం పూట పిల్లలకు ఇంగ్లీషు చదవడం నేర్పుతుంటాను. పిల్లల కంటే వాళ్లను దింపడానికి వచ్చిన అమ్మానాన్నలే నన్ను ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. స్కూటర్ స్టాండు వేయకుండానే అడిగేసి, సగం జవాబు విని వెళ్లిపోతారు. మిగిలిన సగం వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఇంగ్లీషు స్పెల్లింగులను కూడా తెలుగులోనే, అక్షరాల పేర్లతో రాశాను. సీ-ఏ-టీ అంటే క్యాట్. పక్కన కాగితం పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ చదివితే సులువుగా అర్థమవుతుంది.

మా గుంటడు పుస్తకంలో ఉన్న మాటలన్నీ గడగడా చదివేస్తాడు. కొత్త మాట కనిపిస్తే మాత్రం నోరు పెగలదు. ఏటి కారణం?

చదవడం లేదండీ, గుర్తుపట్టి చెబుతున్నాడు. మాట మొత్తాన్నీ ఒక బొమ్మలాగా కంఠస్థం చేశాడు. ఒకటో తరగతిలో ఆ పద్ధతి బాగానే నడుస్తుంది. నాలుగో తరగతికి వచ్చేసరికి మాటలు పొడవవుతాయి, బొమ్మలు ఎక్కువైపోతాయి. అక్కడ చాలామంది ఆగిపోతారు. కొత్త మాటను ముక్కలుగా విడదీసి, ఏ ముక్కలో అచ్చు ఎలా పలుకుతుందో ఊహించడం వాడికి రావాలి. ఆ ముక్కే సిలబుల్.

సిలబుల్ అంటే మన అక్షరమేనా?

దాదాపు అదే. ఒక అచ్చు ధ్వని, దాన్ని అంటిపెట్టుకుని ముందో వెనకో ఉండే హల్లులు కలిస్తే ఒక సిలబుల్. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మాట పలకండి. గడ్డం ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని సిలబుల్స్. 'కలువ' అంటే మూడుసార్లు దిగుతుంది, రాతలోనూ మూడే అక్షరాలు. తెలుగులో రాతా నోరూ ఇలా కలిసి నడుస్తాయి.

ఇంగ్లీషులో అలా కాదు. స్ట్రెంగ్త్ అనే మాటకు రాతలో ఎనిమిది అక్షరాలు, సిలబుల్ ఒక్కటే. ఏరియాకు నాలుగే అక్షరాలు, సిలబుల్స్ మూడు. అందుకే అక్షరాలు లెక్కపెట్టడం కాదు, గడ్డాన్ని నమ్మమని పిల్లలకు చెబుతాను.

ఛందస్సు చదువుకున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. 'సత్యం'లో 'స' హ్రస్వమే అయినా గురువు అవుతుంది. ఎందుకు? నోట్లో అది సత్-యం అని విడిపోతుంది. త్ వచ్చి మొదటి ముక్కకు తలుపు మూస్తుంది. ఇంగ్లీషువాళ్లు క్లోజ్డ్ సిలబుల్ అనేది దీన్నే. గణవిభజన చేసిన తెలుగువాళ్లకు సిలబుల్ కొత్త సంగతేమీ కాదు.

అచ్చులు ఐదే కదా. ఒక్కో అక్షరం ఒక్కో చోట ఒక్కోలా ఎందుకు పలుకుతుంది?

ఐదు అక్షరాలే, కానీ ధ్వనులు ఐదు కావు. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో దాదాపు 20 అచ్చు ధ్వనులున్నాయి. ఏ, ఈ, ఐ, ఓ, యూ, అప్పుడప్పుడు సాయానికి వచ్చే వై, ఈ ఆరే ఆ 20 ధ్వనుల పనీ చేయాలి. మనం ఇ, ఈ అని వేరువేరు అక్షరాలు రాసుకుంటాం. వాళ్లు అక్షరం మార్చకుండా, దాని చుట్టుపక్కల ఏముందో చూసి ధ్వని మారుస్తారు. ఆ చుట్టుపక్కల చూడటాన్నే సిలబుల్ రకాలు అని ఆరుగా విడగొట్టి బడుల్లో చెబుతారు: క్లోజ్డ్, ఓపెన్, సైలెంట్ ఈ, అచ్చుల జంట, ఆర్ కలిసినది, చివర ఎల్-ఈ వచ్చేది. మొదటి మూడూ పట్టుబడితే సగం పైగా పని అయిపోయినట్టే. నేను ఎక్కువ రోజులు వాటి మీదే కూర్చుంటాను.

ఆ మూడూ కాస్త వివరంగా చెప్పండి.

అచ్చు తర్వాత హల్లు వచ్చి తలుపు మూస్తే క్లోజ్డ్. అప్పుడు అచ్చు పొట్టిగా పలుకుతుంది: క్యాట్, బెడ్, సిట్, కప్. అచ్చుతోనే ముక్క ముగిస్తే ఓపెన్. అప్పుడు అక్షరం తన పేరు తానే చెప్పుకుంటుంది: గో, మీ, హాయ్. పేపర్‌లో మొదటి ముక్క పే, టైగర్‌లో టై, మ్యూజిక్‌లో మ్యూ. ఇక హల్లు తర్వాత చివర ఈ వచ్చి, తాను నోరు విప్పకుండా వెనకనున్న అచ్చు చేత పేరు చెప్పిస్తే అది సైలెంట్ ఈ. క్యాప్ పక్కన ఈ చేరితే కేప్, కిట్ కైట్ అవుతుంది, హాప్ హోప్ అవుతుంది, కబ్ క్యూబ్ అవుతుంది.

ఇంతవరకూ ఏ పుస్తకమైనా చెబుతుంది. నేను క్లాసులో చెప్పేది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా అమ్మమ్మకు ఈ తేడా బాగా తెలుసు. ఆవిడ ఏమనేది? బస్సు, పెన్ను, కప్పు, జగ్గు, పిన్ను, ప్లగ్గు. అన్నింటిలోనూ హల్లు ద్విత్వమే. ఇంకోపక్క గేటు, ప్లేటు, రేటు, నోటు, పైపు, ఫైలు, ట్యూబు. వీటిలో ఎక్కడా ద్విత్వం లేదు. 'గేట్టు' అని ఎవరూ అనరు, 'బసు' అనీ ఎవరూ అనరు. మొదటి వరసలోవన్నీ క్లోజ్డ్ సిలబుల్ మాటలు, రెండో వరసలోవన్నీ సైలెంట్ ఈ మాటలు. టిప్పు, టైపు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంగ్లీషు మాటను మన నోటికి తెచ్చుకునేటప్పుడు చివర 'ఉ' తగిలిస్తాం. ఆ 'ఉ' చేరితే మూసిన తలుపు తెరుచుకుపోయే ప్రమాదం ఉంది. పొట్టి అచ్చు ఉన్నచోట హల్లును రెట్టించి ఆ తలుపును మూసే ఉంచుతున్నాం. పొడుగు అచ్చు ఉన్నచోట ఆ అవసరం లేదు.

దీనికి తప్పిపోయేవీ ఉన్నాయి. బ్యాగు, మ్యాపు, షాపు క్లోజ్డ్ సిలబుల్ మాటలే. కానీ ఆ 'యా', ఆ 'ఆ' మనకు దీర్ఘాల్లాగే ఉంటాయి కాబట్టి ద్విత్వం రాలేదు. రోడ్డు మాత్రం ఎవరి మాటా వినదు. దీర్ఘమూ ఉంది, ద్విత్వమూ ఉంది.

పలకని ఈ అక్షరాన్ని అసలు రాయడం ఎందుకు? పిల్లల్ని ఏడిపించడానికా?

ఒకప్పుడు పలికేవాళ్లు. సుమారు 600 ఏళ్ల కిందట ఇంగ్లండులో ఎన్-ఏ-ఎమ్-ఈ అనే మాట ఇంచుమించు 'నామ' అని రెండు సిలబుల్స్‌గా వినిపించేది. నా-మ. మొదటి ముక్క ఓపెన్, అందుకే అందులో అచ్చు సాగింది. తర్వాత చివరి అచ్చు నోట్లోంచి రాలిపోయింది. సాగిన 'ఆ' అలాగే ఉండిపోయింది, కాగితం మీద ఈ అక్షరం కూడా ఉండిపోయింది. అంటే ఈ సైలెంట్ ఈ రకం పాత ఓపెన్ సిలబులే.

మరి నామ్ కాస్తా నేమ్ ఎలా అయింది? దాదాపు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లీషు దీర్ఘాలన్నీ చోటు మారాయి. 'ఆ' అనేది 'ఏ' వైపు వెళ్లింది, 'ఈ' అనేది 'ఐ' అయింది, 'ఊ' అనేది 'ఔ' అయింది. టైమ్ ముందు టీమ, హౌస్ ముందు హూస్. హ్రస్వాలు పెద్దగా కదలలేదు. దీన్ని గ్రేట్ వవెల్ షిఫ్ట్ అంటారు, ఆ పేరు పెట్టింది డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్. ఈ మార్పు నడుస్తూ ఉండగానే 1476లో విలియం క్యాక్స్‌టన్ ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. స్పెల్లింగులు అక్కడక్కడే గడ్డకట్టడం మొదలైంది, నోరు మాత్రం ముందుకు పోయింది. మనకు ఏ, ఈ, ఐ అక్షరాల పేర్లు ఒకలా, వాటి హ్రస్వ ధ్వనులు ఇంకోలా కనిపించేది ఇందుకే. ఐ అక్షరం హ్రస్వం 'ఇ', దాని దీర్ఘం 'ఐ'. తెలుగు లెక్కలో ఇది ఏ కోశానా పొసగదు.

అన్నట్టు, బ్రిటిష్‌వాళ్లు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసేవారు. ఆ స్పెల్లింగు చివర సీ-ఓ-ఎల్-ఈ ఉంటుంది. ఓ తర్వాత హల్లు, ఆ తర్వాత పలకని ఈ, అందుకే కోల్. మన ఊరి పేరుకూ ఒక సైలెంట్ ఈ తగిలించి పోయారన్నమాట.

మరి హ్యావ్, గివ్, లవ్? చివర ఈ ఉంది, అచ్చు సాగలేదు.

మంచి ప్రశ్న, పిల్లలే ముందు అడుగుతారు. ఇంగ్లీషు రాతలో మాటను వీ అక్షరంతో ముగించకూడదనే పాత సంప్రదాయం ఒకటి ఉంది. యూ, వీ ఒకప్పుడు ఒకే అక్షరం. అది హల్లు అని తెలియడానికి చివర ఈ రాసేవారు. కాబట్టి ఆ మాటల్లో ఈ అక్షరం వీకి కాపలా మాత్రమే, అచ్చుతో దానికి పని లేదు. ఎల్-ఐ-వీ-ఈ రెండు రకాలుగానూ పలుకుతుంది. బతకడం అనే అర్థంలో లివ్, టీవీలో ప్రసారమైతే లైవ్. డన్, సమ్, కమ్ లాంటివి కొన్ని విడిగా నేర్చుకోవాలి, తప్పదు.

సమ్మర్, లెటర్, హ్యాపీ మాటల్లో రెండేసి హల్లులున్నాయి. ఒత్తి పలకాలా?

వద్దు. మన 'అమ్మ'లో రెండు మ్‌లూ నోటికి తగులుతాయి. అందుకే మనవాళ్లు సమ్మర్, లెట్టర్, హ్యాప్పీ అని గట్టిగా నొక్కుతారు. ఇంగ్లీషులో ఒకే మాట లోపల రెండు హల్లులున్నా పలికేది ఒక్కటే. రెండోది కంటికి సైగ. ముందున్న సిలబుల్ మూసి ఉంది, అచ్చు పొట్టిగా పలుకు అని చెప్పడం దాని పని. డైనింగ్‌లో డై తర్వాత ఒకే ఎన్, డిన్నర్‌లో డి తర్వాత రెండు ఎన్‌లు. రైటింగ్‌కు ఒకే టీ, రిటన్‌కు రెండు టీలు. ఒకే క్రియ, అచ్చు మారింది కాబట్టి టీ రెండైంది. హోపింగ్ అంటే ఆశపడటం, అందులో పీ ఒక్కటే. రెండు పీలు రాశారా, అది ఒంటికాలి మీద గెంతడం.

విజయనగరం వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1936లో ఇంగ్లండులో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్న విజయనగరం మహారాజ్‌కుమార్‌ను అందరూ విజ్జీ అనేవారు. రాత వీ-ఐ-జెడ్-జెడ్-వై. ఒక జెడ్ తీసేస్తే మొదటి ముక్క తెరుచుకుని, కొత్తగా చదివేవాడు వైజీ అనే అవకాశం ఉంది.

రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే దాన్ని ఎటువైపు చేర్చాలి?

ఇక్కడ ఖాయమైన సూత్రం లేదు. ఉందని చెప్పేవాళ్లను కాస్త అనుమానంగా చూడండి. డెమన్ అనకూడదు, డీమన్. కానీ లీమన్ కాదు, లెమన్. రెండింటి రాతా ఒకటే, మొదటి అక్షరం తప్ప. టైగర్ ఓపెన్, రివర్ క్లోజ్డ్. రోబో మాటలో రో, రాబిన్‌లో రాబ్. నేను చెప్పే పద్ధతి ఇది: ముందు ఓపెన్‌గా పలికి చూడు, విన్న మాటలాగా లేకపోతే క్లోజ్డ్‌గా పలుకు. ఇది పనిచేయాలంటే పిల్లవాడు ఆ మాటను ముందు చెవితో విని ఉండాలి. వినని మాటను సరిగ్గా ఊహించడం ఎవరి వల్లా కాదు.

మధ్యలో రెండు వేరువేరు హల్లులుంటే ఇంత గొడవ లేదు, మధ్యలో విరిచేయడమే. న్యాప్-కిన్, విన్-డో.

రెండు అచ్చులు పక్కపక్కన వస్తే మొదటిదే పలుకుతుందని బళ్లో చెప్పారు. నిజమేనా?

కొన్ని జంటలకే. రెయిన్, సీట్, కోట్ విషయంలో నిజం. బ్రెడ్, గ్రేట్, ఔట్, ఆయిల్ విషయంలో కాదు. ఈ-ఏ జంట మీట్‌లో ఒకలా, బ్రెడ్‌లో ఒకలా, గ్రేట్‌లో ఇంకోలా ఉంటుంది. ఆర్-ఈ-ఏ-డీ మాటైతే ఈరోజు చదివితే రీడ్, నిన్న చదివితే రెడ్. ఓ-ఓ కూడా అంతే: ఫుడ్‌లో సాగుతుంది, బుక్‌లో సాగదు, బ్లడ్‌లో ఏకంగా 'అ'. మనం తెలుగులో ఫుడ్, బుక్ రెండింటినీ ఒకే ఉకారంతో రాసేస్తాం, అందుకే చాలామంది ఫుడ్‌ను పొట్టిగా పలుకుతారు. జంటలను సూత్రంగా కాకుండా జట్లుగా నేర్పడం మేలు.

ఆర్ వస్తే ఏమవుతుంది?

అచ్చు పాత ధ్వని వదిలేస్తుంది. హర్, బర్డ్, ఫర్ మాటల్లో ఈ, ఐ, యూ మూడూ వేరైనా నోట్లో ధ్వని ఒక్కటే. చదవడానికి ఇది హాయి, రాయడానికి తలనొప్పి. డిక్టేషన్‌లో పిల్లలు ఇక్కడ తప్పు రాస్తే నేను మార్కులు తగ్గించను.

టేబుల్, బాటిల్ లాంటివి?

చివర హల్లు-ఎల్-ఈ మూడూ ఒక ముక్క. వాటిని విడదీశాక మిగిలింది చూడండి. టేబుల్‌లో టీ-ఏ మిగిలింది, ఓపెన్, కాబట్టి టే. బాటిల్‌లో బీ-ఓ-టీ మిగిలింది, క్లోజ్డ్. టైటిల్, లిటిల్ తేడా కూడా అదే.

అన్నీ సరిగ్గా పలికినా మా పాప ఇంగ్లీషు టీవీలో విన్నట్టు ఎందుకు లేదు?

ప్రతి అక్షరానికీ సమానంగా న్యాయం చేస్తోంది కాబట్టి. తెలుగులో అదే మర్యాద. ఇంగ్లీషులో ఒక మాటలో ఒక సిలబుల్‌ను నొక్కుతారు, మిగతావాటిని నలిపేస్తారు. నలిగిన అచ్చు ఏ అక్షరమైనా సరే, చాలాసార్లు ఒక చిన్న, నీరసమైన 'అ' లాగా మారిపోతుంది. దాని పేరు ష్వా. ఇంగ్లీషులో అన్నింటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు అదే. బనానాలో మూడు ఏలు ఉన్నాయి, గట్టిగా పలికేది మధ్యది ఒక్కటే. టీచర్, డాక్టర్, డాలర్ మాటల చివర ఈ-ఆర్, ఓ-ఆర్, ఏ-ఆర్ అని మూడు రకాల రాత. ధ్వని ఒక్కటే. తెలుగులో మూడింటినీ 'అర్' అనే రాస్తాం, ఈ విషయంలో మన రాతే నిజాయితీగా ఉంది.

నలిగిన చోట సిలబుల్ సూత్రాలు కూడా పనిచేయవు. ఈ సంగతి నాకు సిగ్గుపడితే గానీ తెలియలేదు. డిగ్రీ చదివే రోజుల్లో ఒక సెమినార్‌లో నిలబడి 'డిటర్‌మైన్', 'ఎగ్జామైన్' అని ధీమాగా చదివాను. చివర ఐ-ఎన్-ఈ ఉంది కదా, సైలెంట్ ఈ, అందుకని మైన్ అనుకున్నాను. లెక్చరర్ నవ్వు ఆపుకోలేకపోయారు. డిటర్‌మిన్, ఎగ్జామిన్ అనాలి, ఎందుకంటే నొక్కు అంతకు ముందు ముక్క మీద పడింది. విలేజ్ అని మనం రాసేది నిజానికి విలిజ్‌కు దగ్గర. కంఫర్టబుల్‌లో టేబుల్ లేదు. వెజిటబుల్‌లోనూ లేదు. మషీన్, పొలీస్ మాటల్లో నొక్కు చివర ఉన్నా 'ఐ' రాదు, 'ఈ' వస్తుంది. అవి ఫ్రెంచి నుంచి ఆ అచ్చుతోనే వచ్చాయి.

నొక్కు మారితే అచ్చులన్నీ మారతాయి. ఫోటోగ్రాఫ్‌లో మొదటి ముక్క గట్టిది. ఫొటాగ్రఫర్‌లో రెండోది గట్టిదై, మొదటిది నలిగిపోతుంది.

మేం 'యెగ్గు' అంటే మా అబ్బాయి నవ్వుతున్నాడు. ఏమిటి తప్పు?

తెలుగు నోటికి మాట మొదట్లో 'ఎ' వస్తే ముందు చిన్న 'య్' చేరడం అలవాటు. 'ఏటి' అన్నా మనకు యేటి అనే వినిపిస్తుంది. 'ఓ' ముందు 'వ్' చేరుతుంది, వోల్డ్, వోన్లీ అంటాం. తెలుగులో ఇది తప్పేమీ కాదు. ఇంగ్లీషులో మాత్రం చెవి, సంవత్సరం ఒకటైపోతాయి: ఇయర్, యియర్. ముందు 'ఆ' అని నోరు తెరిచి, అక్కడి నుంచి 'ఎగ్'లోకి జారమనండి, య్ రాదు. 'ఇస్కూలు' కూడా ఇలాంటిదే, లేని సిలబుల్ ఒకటి ముందు వచ్చి కూర్చుంటుంది. వాక్ట్ మాటను 'వాకెడ్' అన్నప్పుడు వెనక వచ్చి కూర్చుంటుంది.

బ్రిటిషా, అమెరికనా? ఏది నేర్పాలి?

ఏదైనా పరవాలేదు, సిలబుల్ రకాలు రెండింటికీ ఒకటే. పెద్ద తేడా ఆర్ దగ్గర. ప్రామాణిక బ్రిటిష్‌లో తర్వాత అచ్చు లేకపోతే ఆర్ వినిపించదు, కార్ 'కా' అవుతుంది. అమెరికన్‌లో వినిపిస్తుంది. మనం ఎలాగూ కారు అనే అంటాం. హాట్, షాప్ మాటల్లో మన 'ఆ' అమెరికన్ ఉచ్చారణకే దగ్గర. బ్రిటిష్‌వాళ్లు అక్కడ పెదవులు గుండ్రంగా చుడతారు.

ముందు రాత నేర్పాలా, నోరా?

నోరే. భాషకు నోరు మొదలని, రాత దాని వెంట నడవాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ ప్రాంతంలోనే, 1863లో, పర్వతాలపేటలో. రాతే లేని సవర భాషను విని నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మన పిల్లలకు అంత కష్టం లేదు. రోజుకు ఐదు కొత్త మాటలు ఫోన్‌లో డిక్షనరీ పలికినట్టు విని, తిరిగి పలికి, తర్వాత స్పెల్లింగు చూస్తే చాలు. డిక్షనరీలో సిలబుల్ ముందు పైన చిన్న నిలువు గీత ఉంటే, నొక్కాల్సింది దాన్నే. ఇంగ్లీషు 'ఈ' అక్షరం తలకిందులుగా కనిపిస్తే అది ష్వా.

నాకు ఇంగ్లీషు రాదు మాస్టారూ. ఇంట్లో నేనేం చేయగలను?

ఈ ప్రశ్న ఎక్కువగా అమ్మలు అడుగుతారు, అదీ గొంతు తగ్గించి. మీరు వంటింట్లో రోజూ అనే మాటలే చాలమ్మా. కప్పు, ప్లేటు, జగ్గు, పైపు, టిన్ను, స్టవ్వు, ట్యూబులైటు. పాపను పక్కన కూర్చోబెట్టి, మీరు ఒక్కో మాట అనండి. హల్లు రెట్టించి పలికితే ఒక వరసలో, లేకపోతే ఇంకో వరసలో పెట్టమనండి. తర్వాత వాటి ఇంగ్లీషు స్పెల్లింగులు పాపే రాస్తుంది. రెండో వరసలో ఎన్నింటికి చివర ఈ వచ్చిందో లెక్కపెట్టమనండి. స్టవ్వు దగ్గర కచ్చితంగా గొడవ పెడుతుంది, దాని చివరా ఈ ఉంటుంది కదా. అప్పుడు ఇంగ్లీషులో అది స్టోవ్ అని, మన నోట్లోనే పొట్టిదై స్టవ్వు అయిందని మీరే చెప్పండి.